ఇంటికి ఇల్లు, మే పదకొండు దాకా

డులూత్, మిన్నెసోటా
అక్టోబర్ 14, 1996

అక్కా,

అక్షరాలు వంకర పోతుంటే చలి అనుకోకు. కోపం.

నిన్న పెల్హామ్ మాస్టారు కార్డు రాశాడు. ఆస్టోరియా ఇంట్లో పై వాటాలో ఉంటాడే, పియానో మాస్టారు. ఆ ఇల్లు నాదిగా ఉన్నన్నాళ్లూ నాకు అద్దె కట్టాడు, ఇప్పుడు నీకు కడుతున్నాడు, అయినా పాత అలవాటు కొద్దీ కష్టం నాకే చెప్పుకుంటాడు. ఏం రాశాడో తెలుసా? "మీ బావగారూ, మోటెల్ కంపెనీ మనిషి ఒకాయనా వచ్చి పెరడంతా టేపు పెట్టి కొలిచారు. ఇల్లు పడగొట్టేస్తున్నారా? పియానో వేసుకుని నేనెక్కడికి పోను?"

చదివి నేను పెట్టిన కేకకి మా ఆవిడ ఐర్యా మంచినీళ్లు తెచ్చింది.

అక్కా, మనం ఇళ్లు మార్చుకున్నది ఎందుకు? చేపల ఫ్యాక్టరీలో పని చేసినప్పుడు నేను కొన్న ఇల్లు మీ ఊళ్లో పడి ఉండేది. బళ్లో పాఠాలు చెప్పినప్పుడు నువ్వు కొన్న ఇల్లు మా ఊళ్లో పడి ఉండేది. అక్కడ కప్పు కారితే నేనిక్కణ్ణించి ఏం చెయ్యగలను, ఇక్కడ పైపులు గడ్డకడితే నువ్వక్కణ్ణించి ఏం చెయ్యగలవు? అమ్మి కొనుక్కుంటే లాభం మీద పన్ను ఇప్పుడే కట్టాలి. అద్దె ఇంటికి అద్దె ఇల్లు మార్చుకుంటే పన్ను ముందు ముందుకి జరుగుతుంది. కాకపోతే మార్చుకున్నది తోడబుట్టినవాళ్లయితే ఒక మెలిక ఉంది. రెండేళ్లు ఇద్దరూ ఇళ్లు అట్టేపెట్టుకోవాలి. ఈలోపల ఏ ఒక్కరు అమ్మినా ఇద్దరి నెత్తినా పన్ను పడుతుంది. ఇదంతా నువ్వే నాకు వివరంగా చెప్పావు, గుర్తుందా? నాకు బుర్రకెక్కలేదని బంగాళాదుంపలు బల్ల మీద పెట్టి మరీ చెప్పావు!

వచ్చే మే పదకొండుకి గడువు తీరుతుంది. అప్పటిదాకా ఆ ఇంటి మీద చెయ్యి వెయ్యకు. అమ్మకు. ఇంకొకరి పేర పెట్టకు. నువ్వెళ్లి అందులో కాపురం పెట్టినా సరే, అద్దె ఇల్లు కాదని అంటారు, ఇద్దరి కొంపా మునుగుతుంది. ముప్ఫై ఏళ్ల కిందటి రేటుకి కొన్న ఇల్లు, దాని మీద లాభం ఎంత తేలుతుందో నీకు తెలుసు. ఓడరేవు పెన్షన్‌తో బతికేవాణ్ణి, నేను తట్టుకోలేను.

ఒక్క మాట నాకు చెప్పి చెయ్యాల్సింది.

ఆర్వో


ఆస్టోరియా, ఆరెగాన్
అక్టోబర్ 25, 1996

ఆర్వోకి,

ఉత్తరం అందింది. ఇల్లు అమ్మలేదు. అమ్మను. సంతకం పెట్టాల్సింది నేను, నేను పెట్టలేదు.

కానీ ఒకటి అడుగుతాను. ఆగస్టులో మీ బావ ఫోన్ చేస్తే "మీ ఇష్టం వచ్చినట్టు చేసుకోండి" అని నువ్వే అన్నావట. ఆయనతో ఒక మాట, నాతో ఇంకో మాటా? నీకు నష్టం లేకుండా చూసుకుంటే అక్క ఇల్లు ఎవరు కూలగొట్టుకున్నా నీకు ఫర్వాలేదన్న మాట. సరే. తెలిసింది.

ఆ ఇంట్లో నేను కాపురం పెట్టడం గురించి రాశావు. పెట్టను. నీకు ఆ భయం అక్కర్లేదు.

ఇకమీదట ఉత్తరాలు కవరు మీద రాసిన అడ్రసుకే రాయి. కొండ మీది ఇంటికి రాయకు.

వాన మొదలైంది. ఐర్యాని అడిగానని చెప్పు.

లెంపి


డులూత్
నవంబర్ 6, 1996

అక్కా,

నా చెవుల సంగతి నీకు తెలుసు. ఫోన్లో ఎవరు మాట్లాడినా నాకు తేనెతుట్టెలో మాట్లాడినట్టే వినపడుతుంది, అందుకే కదా ఈ కాలంలోనూ మనం తపాలా బిళ్లలు అంటించుకుంటున్నాం. అయినా బావతో ఏమన్నానో నాకు బాగా గుర్తు. "రెండేళ్లు ఎప్పటికి తీరతాయి?" అని అరిచాడు. "మే పదకొండు! అది దాటాక మీ ఇష్టం వచ్చినట్టు చేసుకోండి!" అని నేనూ అరిచాను. ఐర్యా వంటింట్లోంచి వింది, అడుగు కావాలంటే. ముందు సగం కోసేసి వెనక సగం నీకు వడ్డిస్తే అది నా మాట ఎలా అవుతుంది?

ఇక ఆ అడ్రసు. బావ కెప్టెన్‌గా ఓడల్ని నదిలోకి తెచ్చి సంపాదించి కట్టిన ఇల్లు, కిటికీలోంచి వంతెన మొత్తం కనపడే ఇల్లు ఉండగా, రేవు వీధిలో నీకు వేరే అడ్రసేమిటి? మోటెల్ వాళ్ల దగ్గర అడ్వాన్సు గానీ తీసుకుని ఆఫీసు తెరిచావా? ఇళ్లు అమ్మిపెట్టే వ్యాపారమా? ఐర్యా అంటోంది, మీ అక్క ఈ వయసులో ఆఫీసు మేడమ్ అయిపోయిందేమో అని. ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రావడం లేదు.

సంతకం పెట్టలేదన్నావు. నమ్ముతాను. కానీ "సరే, తెలిసింది" అని ముక్కలు ముక్కలుగా రాస్తే నాకేం తెలుస్తుంది? నిలువునా నిజం రాయి.

రేవు గట్ల వెంట అప్పుడే మంచు పొర కట్టింది. ఇనుప ఖనిజం మోసే ఓడలు ఇంకో రెండు నెలలు తిరుగుతాయి, అంతే.

ఆర్వో


ఆస్టోరియా
నవంబర్ 20, 1996

ఒరేయ్ తమ్ముడూ,

నిలువునా రాయమన్నావు. కూర్చుని చదువు.

మే పదకొండు అని నువ్వు ఆయనతో అన్న మాట నీ ఉత్తరంలో మూడుసార్లు చదివాను. ఇన్నాళ్లూ నువ్వు నన్ను వదిలేశావనుకున్నాను. ఆ ఒక్క ముక్కతో ఎన్ని రాత్రులు నిన్ను తిట్టుకున్నానో లెక్క లేదు. తిట్లన్నీ వాపసు తీసుకున్నాను.

సెప్టెంబరు ఆఖర్లో ఒక పొద్దున మీ బావ సిగుర్డ్ నా కాఫీ కప్పు పక్కన కాగితాలు పెట్టాడు. పెన్ను మూత కూడా తీసి పెట్టాడు.

"ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" అన్నాడు.

"ఏమిటివి?"

"రేవు దగ్గర ఇల్లు. మోటెల్ వాళ్లు కొంటున్నారు. అడ్వాన్సు తీసుకున్నాను."

నా చెవుల్ని నేనే నమ్మలేదు. "నా ఇంటికి నువ్వు అడ్వాన్సు తీసుకున్నావా?"

"నీ ఇల్లేమిటి, మన ఇల్లు. పడవకి కొత్త ఇంజను బిగించా, దానికి సరిపోయింది."

"రెండేళ్లు తీరలేదు. ఆర్వో మీద పన్ను పడుతుంది."

"మీ తమ్ముడితో మాట్లాడాను. మీ ఇష్టం అన్నాడు. నీకే లేనిపోని పట్టుదల."

నేను పెన్నుకి మూత పెట్టాను. అంతే చేశాను ఆర్వో, ఒట్టు, మూత పెట్టాను. ఆయన ముఖం ఎర్రబడింది. "ఈ ఇంట్లో నా మాట వినని వాళ్లకి అదుగో తలుపు" అన్నాడు. ఆ మాట పెళ్లైన కొత్తలో మొదలుపెట్టాడు. కూరలో ఉప్పు తక్కువైనా అదే, పిల్లి సోఫా ఎక్కినా అదే. ప్రతిసారీ నేను తలుపు వైపు చూసి, మళ్లీ గిన్నెలు కడుక్కునేదాన్ని. ఆ రోజు ఎందుకో తలుపు నిజంగా తలుపులాగే కనిపించింది. కోటు వేసుకున్నాను. వెళ్లాను.

నాకంటే ఎక్కువ ఆశ్చర్యపోయినవాడు ఆయనే. వెనక నుంచి "ఎక్కడికి?" అన్నాడు, చిన్నపిల్లాడి గొంతుతో.

సామాను సర్దుకోవడానికి మర్నాడు ఆయన లేని టైము చూసుకుని వెళ్లాను. రేవు వీధిలో చేపల ఎరలు అమ్మే దుకాణం ఉంది, గుడ్రన్ నడుపుతుంది, పైన ఒక గది ఖాళీగా ఉంటే ఇచ్చింది. నువ్వు అనుకున్న ఆఫీసు అదే. మంచం, స్టవ్వు, ఒక కిటికీ. కింద హెర్రింగు చేప కంపు. తెల్లారకముందే రేవు చెక్కల మీద సముద్ర సింహాలు కుక్కల్లా మొరగడం మొదలుపెడతాయి. పొద్దున్నపూట గుడ్రన్‌కి ఎరలు డబ్బాల్లో సర్దిపెడతాను, అద్దెలో తగ్గిస్తుంది.

సొంత ఇల్లు పెట్టుకుని ఇక్కడెందుకున్నావంటావేమో. మొదట ఆ ఇంటికే వెళ్దామనుకున్నాను. పెరటి వైపు వాలులో కింద చిన్న గది ఉందిగా, నువ్వు వలలు పెట్టుకునేవాడివి, అందులో సర్దుకుందామని పొయ్యి కూడా చూసి వచ్చాను. ఇంతలో కొండ మీది ఇంటికి నువ్వు రాసిన ఉత్తరం పోస్టాయన ఇక్కడికి తెచ్చిచ్చాడు. కాపురం పెట్టినా ఇద్దరి కొంపా మునుగుతుందన్నావు. అందుకని పెట్టలేదు.

ఇదీ సంగతి. ఏడవకు. నాకు తిండి బాగానే ఉంది.

లెంపి


డులూత్
డిసెంబర్ 2, 1996

అక్కా,

ఏడవకు అన్నావు. ముసలివాణ్ణి, తపాలా పెట్టె దగ్గర వీధిలో నిలబడి ఏడ్చాను. పక్కింటాయన మంచు ఎత్తే పార వదిలేసి వచ్చి "ఎవరైనా పోయారా?" అని అడిగాడు.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిన్నగా పన్ను లెక్కలు చూసే బ్రూస్టర్ దగ్గరికి పోయాను. ఆయన వినీ వినగానే, "కాపురం పెడితే మీకేం కాదే! మీకు పన్ను పడేది ఆవిడ అమ్మితే. అందులో ఆవిడ ఉంటే, అద్దెకివ్వడానికే తీసుకున్నారా అని అడిగితే ఆవిణ్ణే అడుగుతారు, మిమ్మల్ని కాదు. అదీ ఇల్లంతా కాదుగా, వెనక గదేగా. ఎవరు చెప్పారండీ మీకిలా?" అన్నాడు.

ఎవరు చెప్పారు? నేనే చెప్పాను. ఎవరినీ అడక్కుండా, కోపంలో, చేతికొచ్చింది రాసేశాను. దాన్ని నువ్వు శాసనంలా పట్టుకుని చేపల కంపులో పడుకున్నావు! నన్ను నేనే గట్టిగా తిట్టుకున్నాను. బ్రూస్టర్ కుర్చీ వేశాడు.

అక్కా, ఇవాళే ఆ ఇంటికి వెళ్లు. పై వాటా ఖాళీ చేయించు. నీ వంతు పన్ను ఎవరైనా అడిగితే అది నేను కడతాను. ఐర్యా సరే అంది. అంది కాదు, నాకంటే ముందు తనే అంది. ఉన్ని దుప్పటి పంపుతోంది, యాలకుల రొట్టె కూడా కట్టింది. రొట్టె దారిలో గట్టిపడుతుంది, కాఫీలో ముంచుకో.

బావ సంగతి నాకు వదిలెయ్యి. ఆయన ఎదురుపడితే ఏం చేస్తానో నాకే తెలీదు.

నాకు ఎందుకు చెప్పలేదే, అక్కా?

ఆర్వో


ఆస్టోరియా
డిసెంబర్ 18, 1996

ఆర్వో,

రొట్టె అందింది. గుడ్రన్ గొడ్డలి కావాలా అని అడిగింది. కాఫీలో ముంచుకుని ఇద్దరం మొత్తం తినేశాం.

నువ్వు రాసింది చదివి మొదట నవ్వొచ్చింది, తరవాత ఒళ్లు మండింది. రెండు నెలలు ఇక్కడ గడిపాను, నీ ఒక్క వాక్యం కోసం. సరేలే. నాకూ అడగడానికి నోరుంది. నేనైనా ఎవరినో ఒకర్ని అడగాల్సింది.

కానీ ఇప్పుడు వెళ్లను. విను. కింది వాటాలో ఆ కోస్ట్‌గార్డ్ కుర్రాడు కర్టిస్, వాడి పెళ్లాం మారిబెత్ ఉన్నారు. మారిబెత్‌కి మొన్న ఆదివారం ఆడపిల్ల పుట్టింది. వానలో పసిగుడ్డుతో పొమ్మననా? పై వాటాలో మాస్టారికి పియానో కంటే ఆయన మోకాళ్లు బరువు. వెనక గదిలో పొయ్యి పొగ వెనక్కి తంతోంది, దాన్ని బాగుచేయించేదాకా అందులో పిల్లి కూడా ఉండదు. పైగా అద్దెకిచ్చిన ఇల్లు అద్దెకిచ్చినట్టే ఉండాలి, ఎవరొచ్చి అడిగినా నేను తల ఎత్తుకుని సమాధానం చెప్పాలి. నా వంతు నువ్వు కడతానన్నావు. నా పన్ను నువ్వెందుకు కడతావురా? నువ్వు కట్టడం మొదలుపెడితే అది మళ్లీ నా ఇల్లు కాదు.

సిగుర్డ్ సాయంత్రాలు కారు తెచ్చి దుకాణం ముందు ఆపుతాడు. దిగడు. హారన్ కొడతాడు. మొన్న గుడ్రన్ బయటికి వెళ్లి, "ఎరలు కావాలా, కెప్టెన్?" అని అడిగింది. "మా ఆవిణ్ణి పిలువు" అన్నాడట. "అవి మా దగ్గర అమ్మం" అని లోపలికొచ్చేసింది.

ఎందుకు చెప్పలేదంటావు. పెళ్లికి ముందు రోజు నువ్వు నా దగ్గరికొచ్చి "వద్దంటే చెప్పు, నేను చూసుకుంటా" అన్నావు. నువ్వప్పటికి బడిపిల్లాడివి, మెడకి రుమాలు కట్టుకుని ఉన్నావు. అప్పుడు వద్దనలేదు. ఇన్నేళ్లయ్యాక ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

లెంపి


డులూత్
ఫిబ్రవరి 11, 1997

అక్కా,

నువ్వు నమ్మవు. నేను కళ్లారా చూసి కూడా నమ్మలేదు. నిన్న బావ మా గుమ్మంలోకి వచ్చాడు.

నేను సానా వేడి చేసి, ఆవిరి స్నానం ముగించి, తువ్వాలు చుట్టుకుని పెరట్లోంచి వస్తున్నాను. గుమ్మంలో ఒక మనిషి, కనుబొమ్మల నిండా మంచు, చేతిలో ఒక సంచి. బస్సులో వచ్చాడు, అంత దూరం, ఈ వాతావరణంలో! మొన్నటి ఉత్తరంలో రాశానే, ఎదురుపడితే ఏం చేస్తానో తెలీదని. ఏం చేశానో తెలుసా? "లోపలికి రా, తలుపు వెయ్యి, చలి" అన్నాను.

ఐర్యా చేపల పులుసు గిన్నె ఆయన ముందు చప్పుడయ్యేలా పెట్టింది.

"ఆర్వో, దానికి నువ్వు చెప్పు. నీ మాట వింటుంది" అన్నాడు.

"ఏమని?"

"సంతకం పెట్టమని. మోటెల్ వాళ్లు అడ్వాన్సు వెనక్కిమ్మంటున్నారు. కోర్టుకి పోతారట. నీకు పడే పన్ను నేను కడతాను, కాగితం రాసిస్తాను."

"నీ దగ్గర ఏముంది బావా, కట్టడానికి?"

చెంచా కింద పెట్టాడు. పెన్షన్ తప్ప ఏమీ లేదట. పడవ మీద అప్పు, కొండ మీది ఇంటి మీద అప్పు. నీకు తెలుసా ఇదంతా? మనం కెప్టెన్, కెప్టెన్ అనుకుంటూ ఉన్నాం, ఆయన లోపలంతా బోలు.

"నేను చెప్పను. అది తన ఇల్లు" అన్నాను. "అయినా నా మాట సగం కోసి దానికెందుకు చెప్పావు?"

"మిగతా సగం చెప్తే ఒప్పుకోదని" అన్నాడు. అంత మామూలుగా అన్నాడు అక్కా. నాకు చెయ్యి ఎత్తాలనిపించింది, కానీ ఎదురుగా ఉన్నది ఎత్తిన చెయ్యికి తగ్గ మనిషి కాదు. కాలర్ నలిగిపోయి ఉంది. చొక్కాకి బొత్తాలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకున్నాడు.

రాత్రి సోఫా మీద పడుకున్నాడు. పొద్దున బస్సు ఎక్కించాను. ఎక్కేముందు "అది బాగానే ఉందా? దగ్గుతోందా?" అని అడిగాడు. "నువ్వున్న ఊళ్లోనే ఉంది, నువ్వే అడుగు" అన్నాను. "అడిగాను. హారన్ కొట్టాను" అన్నాడు. "హారన్ కొట్టడం అడగడం కాదు బావా" అన్నాను.

బస్సు వెళ్లాక జాలేసింది. జాలేసినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. ఐర్యాకి రెండూ చెప్పాను. "రెండూ ఉండనీ, కాఫీ తాగు" అంది.

నువ్వేం చేసినా నేను నీ వైపు. మే దాకా ఆగనక్కర్లేదు కూడా. ఇప్పుడే అమ్మెయ్యాలనిపిస్తే అమ్మెయ్యి, నాకు పన్ను పడితే పడనీ. బ్రూస్టర్‌తో మాట్లాడాను, వాయిదాల్లో కట్టుకోవచ్చట. మనస్ఫూర్తిగా రాస్తున్నాను, ఈసారి అక్షరాలు వంకర పోవడం లేదు చూడు.

ఆర్వో


ఆస్టోరియా
మే 27, 1997

ఆర్వో, ఐర్యా, ఇద్దరికీ,

ఇన్నాళ్లు రాయనందుకు తిట్టుకుని ఉంటారు. చేతులకి తీరిక లేదు. ఇప్పుడు పై వాటాలో, నా సొంత వంటింట్లో కూర్చుని రాస్తున్నాను.

మాస్టారు ఏప్రిల్లోనే చెప్పాడు, మెట్లెక్కలేకపోతున్నాను, సేలంలో కూతురి దగ్గరికి పోతానని. పియానో దించడానికి కోస్ట్‌గార్డ్ కుర్రాళ్లు ఆరుగురు వచ్చారు. ఆయన వెళ్లాక నేను సున్నం వేసుకున్నాను, కిటికీలు తుడుచుకున్నాను, గడువు దాటేదాకా ఆగి, ఆ తరవాతే మంచం తెచ్చుకున్నాను. నవ్వుకో. అమ్మెయ్యమని నువ్వు రాసింది చదివి గుడ్రన్‌కి వినిపించాను. "ఇలాంటి తమ్ముడు ఎక్కడ దొరుకుతాడు?" అంది. నీ పన్ను నీ దగ్గరే ఉంది, ఇక ఎవరూ అడగరు.

గడువు దాటిన మర్నాడే మోటెల్ మనిషి వచ్చాడు, పూలగుత్తి పట్టుకుని. "మీవారు మే దాటాక అన్నారండీ" అన్నాడు. రేటు పెంచాడు. పూలు బాగున్నాయి, తీసుకున్నాను. ఇల్లు ఇవ్వనన్నాను. అతను చాలా ఆశ్చర్యపోయాడు. "మరి ఇన్నాళ్లూ ఆగింది అమ్మడానికి కాదా?" అన్నాడు. "కాదు, అమ్మకుండా ఉండటం బాగుందని ఆగాక తెలిసింది" అన్నాను. అర్థం కాలేదు పాపం.

ఆ అడ్వాన్సు వెనక్కివ్వడానికి కొండ మీది ఇల్లు అమ్మాల్సి వచ్చింది. దానికి నా సంతకం కావాలి. ఈసారి సిగుర్డ్ పెన్ను మూత తియ్యలేదు, కాగితాలు గుడ్రన్ చేతికిచ్చి బయటే నిలబడ్డాడు. మొత్తం చదివి పెట్టాను. అప్పులన్నీ పోగా మిగిలింది చెరిసగం. పడవ కూడా పోయింది.

ఇక అసలు సంగతి. నువ్వు కూర్చునే ఉన్నావా?

నిన్న సాయంత్రం తలుపు తట్టిన చప్పుడైంది. హారన్ కాదు. తట్టిన చప్పుడు. తీస్తే సిగుర్డ్. టోపీ చేతిలో ఉంది. గడ్డం గీసుకున్నాడు, ఒక చోట తెగింది.

"లెంపీ" అని టోపీ అటూ ఇటూ తిప్పాడు. తరవాత, "పెరటి వైపు గది ఖాళీగా ఉందట. మారిబెత్ చెప్పింది" అన్నాడు.

ఇన్నేళ్లలో ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. "పొయ్యి బాగుచేయించాను గానీ, గోడలకి చెమ్మ ఉంది" అన్నాను.

"ఓడల్లో బతికినవాణ్ణి, చెమ్మ నాకు లెక్కా?"

"రాత్రి పూట పిల్ల ఏడుస్తుంది."

"నాకు నిద్ర ఎలాగూ పట్టదు."

"భోజనం కలవదు. ఎవరి వంట వాళ్లది. మెట్లెక్కి పైకి రావాలంటే తట్టాలి. తట్టినా నేను తియ్యకపోవచ్చు."

"సరే."

"తలుపు చూపించే మాట ఈ ఇంట్లో నాదే."

ఆయన ముఖం ఎర్రబడింది. నేను చూస్తూ నిలబడ్డాను. ఎర్రదనం మెల్లిగా దిగింది. "సరే" అన్నాడు మళ్లీ.

తప్పు చేశానా ఆర్వో? ఐర్యా ఏమంటుందో నాకు తెలుసు. గుడ్రన్ అయితే పొద్దుట్నించీ నాతో మాట్లాడటం లేదు. నేను క్షమించానని మీరెవరూ అనుకోవద్దు, నాకే తెలీదు. వెనక్కి వెళ్లలేదు, అది మటుకు తెలుసు. ఆయనే నా ఇంటికి వచ్చాడు, అడిగి వచ్చాడు.

అందరి దగ్గరా తీసుకున్నట్టే మొదటి అద్దె ముందుగా తీసుకున్నాను. బల్ల మీద ఒప్పందం కాగితం పెట్టాను. ఆయన కళ్లజోడు వెతుక్కుని, ఆఖరి గీత దాకా చదివి, గడువు రాయాల్సిన ఖాళీ దగ్గర వేలు పెట్టి ఆగిపోయాడు.

"ఎన్నాళ్లకి రాస్తావు, లెంపీ?"

"నెల నెలకీ" అన్నాను.

మీ అక్క,
లెంపి